రాజశేఖర చరిత్రము: కలిమి, పెండ్లి, పదిమంది మాట

కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ పేరు వినని తెలుగు చదువరి అరుదు. దానిని మొదటినుండి తుదివరకు చదివినవాడు అంతకంటెను అరుదు. పరీక్షలకొరకు గ్రంథము పేరు, గ్రంథకర్త పేరు, సంవత్సరము, ఈ మూడింటిని కంఠపాఠము చేసి ముందునకు సాగిపోవుట మనకు అలవాటైనది. 1878లో ‘వివేకవర్ధని’ పత్రికయందు ప్రకటింపబడ నారంభించి, 1880లో పుస్తకరూపమున వెలువడిన ఈ కథను తెలుగున తొలి నవల యనవచ్చునా కూడదా యను వాదమొకటి కలదు. ఆ వాదమునకు తరువాత వత్తుము. ఇది ధనమును గూర్చిన కథ యని సాధారణముగా అందరును చెప్పుదురు. మాకు తోచినంతవరకు ఇది ధనమును గూర్చినది కాదు. ధనము కలదని పదిమంది అనుకొనుటను గూర్చినది. ఈ రెంటికిని గల భేదమును గుర్తింపనందుననే రాజశేఖరుడు చెడెను.

నవల పుట్టినది గోదావరి తీరమున. అయినను ఈ ప్రసంగమును సిద్ధపరచునపుడు మేము మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు ఊళ్ల శ్రోతలను మనస్సునందుంచుకొంటిమి. దానికి కారణము లేకపోలేదు. కలిమి ఎట్లు వచ్చునో, ఎట్లు రూపు మార్చునో చూడదలచినవారికి ఈ ఎగువసీమ మంచి పాఠశాల. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు మదనపల్లె కడప జిల్లాలోనిది. పుంగనూరు జమీను, కుప్పము చేరియున్న కంగుంది జమీను ఉత్తరార్కాడు జిల్లాలోనివి. పుంగనూరులోను, కుప్పములోను కలిమి యన్న చాలకాలము జమీను ఠాణాయే, దాని చుట్టు తిరిగెడి అధికారములే. 1948వ సంవత్సరపు మదరాసు ఎస్టేటుల రద్దు చట్టముతో ఆ జమీనులు పోయినవి. తరువాత పట్టుపురుగుల పెంపకము వచ్చెను, టమాటా వచ్చెను, కుప్పము కొండలలోని రాయి విదేశములకు పోయెను, బెంగుళూరు పెరిగి ఈ ప్రాంతపు యువకులను తనవంకకు లాగుకొనెను. తాత కాలమున ధనవంతుడనగా ఎవరో, మనుమని కాలమున ధనవంతుడనగా ఎవరో పోల్చుకొనలేనంతగా ఇచ్చట కలిమి ముఖము మార్చుకొన్నది. ఇట్టిచోట ‘రాజశేఖర చరిత్రము’ పాతబడిన పుస్తకమువలె ఉండదు.

కథను క్లుప్తముగా చెప్పుదుము. రాజశేఖరుడు ధవళేశ్వరమున నివసించు సంపన్న గృహస్థుడు. భార్య మాణిక్యాంబ. కుమార్తెలు రుక్మిణి, సీత, కుమారుడు సుబ్రహ్మణ్యము. ఇల్లు బంధువులతోను, ఆశ్రితులతోను, ఏ వరుస బంధువులో ఎవరికిని తెలియని బంధువులతోను కిటకిటలాడుచుండును. అతడు ఏమి చెప్పినను శాస్త్రమే. అతని యింట ఏమి వండినను అమృతమే. రాజశేఖరుడు దుర్మార్గుడు కాడు, మూర్ఖుడును కాడు. మంచివాడు, దాత, మాట కాదనలేనివాడు. పొగడ్తను నమ్ముట ఒక్కటే అతని దోషము. రుక్మిణి భర్త దేశాంతరమున మరణించెనని వార్త వచ్చును. ఇంట భూతములు, మంత్రగాండ్రు, జోస్యులు ప్రవేశింతురు. అంతట ఒక బైరాగి వచ్చి, తనకు స్వర్ణవిద్య తెలియునని నమ్మించును. రాజశేఖరుడు ఇంటిలోని వెండిబంగారములను అతని చేతిలో పెట్టును. ఒకనాడు బైరాగియు ఉండడు, బంగారమును ఉండదు. దానితో పలుకుబడి పోవును, ఇల్లు పోవును. నిన్నటివరకు పంక్తిని కూర్చున్నవారు నేడు ఎదురుపడినచో ప్రక్క సందున తిరిగిపోవుదురు. కుటుంబము కాశీయాత్ర పేరిట ఊరు విడుచును. త్రోవలో దొంగలు పడుదురు. రుక్మిణి చనిపోయినదని తలచి తక్కినవారు సాగిపోవుదురు. ఆమె బ్రతికి, పురుషవేషమున ఒంటరిగా నడచును. పెద్దాపురపు ప్రాంతమున శోభనాద్రిరాజను బలవంతుని కపటమువలన రాజశేఖరుడు చెరసాల పాలగును, సీత ఆపదలో పడును. తుదకు పెద్దాపుర ప్రభువైన కృష్ణజగపతి మహారాజు అందరిని కాపాడును. పూర్వము త్రోవలో రామరాజను పేరితో సామాన్యుని వేషమున వీరికి పరిచయమైనది ఆయనయే.

ఇంగ్లీషు నవలలు చదివినవారికి ఇందులో తెలిసిన ముఖము కనబడును. ఆలివర్ గోల్డ్‌స్మిత్తు 1766లో ప్రకటించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు’ను తెలుగున అనువదింప మొదలిడి, ఆ ప్రయత్నము మాని, సొంతముగా ఈ కథను రచించితినని పంతులుగారే చెప్పుకొనిరి. వేషము మార్చుకొని తిరుగు ప్రభువు అందును కలడు; చెరసాల కలదు; సంపన్న కుటుంబము దారిద్ర్యమున పడుటయు కలదు. విమర్శకులు కొందరు ఈ పోలికలను లెక్కించి అనుకరణమని తేల్చిరి. లెక్క తప్పు కాదు. కాని వారు ఒక భేదమును తగినంతగా గమనింపలేదని మా అభిప్రాయము. గోల్డ్‌స్మిత్తు కథలోని మతగురువు ధనమును పట్టణమందలి వర్తకునియొద్ద దాచియుంచెను. ఆ వర్తకుడు దివాలా తీసి పారిపోయెను. పెద్ద కుమారుని పెండ్లి సిద్ధమైయుండగా ఈ వార్త తెలిసి, సంబంధము తప్పిపోయెను. ధనము పోయిన పాపము అక్కడ పరునిది. రాజశేఖరుడట్లు కాదు. తన చేతితో తానే ఇచ్చెను. పరదేశి కథను తెలుగు నేలకు తెచ్చునపుడు పంతులుగారు చేసిన ఈ ఒక్క మార్పు కథను వేరొకటిగా చేసినది.

ఏల ఇచ్చెను? అతనికి కొరత ఏమియు లేదుకదా. ఉన్నదానిని రెట్టింపు చేయు ఆశయని పైకి తోచును. జాగ్రత్తగా చదివినచో, దాతయను పేరును నిలుపుకొనుటకు ఉన్నది చాలకుండుటయే కారణమని తెలియును. వచ్చువారు పెరిగిరి, పెట్టవలసినది పెరిగెను, లేదనుటకు నోరు రాదు. ఇట్టివానికి బైరాగి దైవమువలె కనబడును. స్వర్ణవిద్యను నమ్మువారు ఇప్పుడు లేరని మనము నవ్వుకొందుము. అయితే లక్షకు నెలకింత వడ్డీ యని చెప్పి ఊరూర ఏజెంట్లను నియమించి, కొన్నాళ్లు సక్రమముగా చెల్లించి, ఒక ఉదయమున తలుపులకు తాళము వేసికొని పోయిన సంస్థల కథలు మన పత్రికలలో ఎన్నిసార్లు చదివితిమి! కాషాయము పోయి ఇస్త్రీ చొక్కా వచ్చెను. అంతకు మించి ఏమి మారెను? ఒక విషయమును మాత్రము గమనింపవలెను. ఇట్టి సంస్థలలో పోగొట్టుకొన్న కుటుంబములను అడిగినచో, ఆ ధనము దేనికొరకు దాచిరో చెప్పునపుడు తరచుగా వచ్చు మాట కూతురి పెండ్లి.

పెండ్లి మాట వచ్చెను గనుక మన మూడు ఊళ్లకు మరలుదము. మదనపల్లెలోని టమాటా మార్కెట్టు దేశమందలి పెద్ద మార్కెట్టులలో ఒకటి. 2023 జూలైలో అచ్చట మేలురకపు పండు ధర కిలో నూరు రూపాయలు దాటి పోయెను. ఒక కోతతోనే అప్పులన్నియు తీర్చుకొన్న రైతులను గూర్చి ఆ దినములలో దేశమంతయు చెప్పుకొనెను. అదే పండును కోతకూలియు గిట్టక రోడ్డు ప్రక్కన పారబోసిన సంవత్సరములు అంతకు ముందును కలవు, తరువాతను కలవు. ఇట్టిచోట ఒక కుటుంబముయొక్క కలిమిని కొలుచుటెట్లు? పెండ్లిచూపులకు వచ్చినవారు వంశము, గోత్రము అడిగిన పిమ్మట బోరులో నీళ్లున్నవా యని అడుగుదురు. పిల్లవానికి బెంగుళూరిలో ఉద్యోగమా, సొంత ఇల్లా, అద్దె ఇల్లా యని అడుగుదురు. కుప్పములో ఉదయపు రైలు ఎక్కి బెంగుళూరికి పోయి రాత్రికి తిరిగివచ్చు యువకుని జీతము ఇంటివారికంటె ముందు పొరుగువారికి తెలియును. ధర పలికిన సంవత్సరమున కుదిరిన సంబంధము ఒక స్థాయిది. పారబోసిన సంవత్సరమున కుదిరినది మరియొక స్థాయిది. పిల్ల ఆ పిల్లయే, భూమి ఆ భూమియే.

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గములపై నేయు పట్టుచీరలు ఎచ్చటెచ్చటి పెండ్లిపీటలకో పోవుచున్నవి. పదిమంది పెండ్లిండ్లకు చీర నేసిన ఇంటివారే తమ బిడ్డ పెండ్లికి అప్పు వెదకుకొనవలసివచ్చుట ఈ దేశమున ఎచ్చట చూచినను వింత కాదు. వీరేశలింగము పంతులుగారి కాలమున కొన్ని కుటుంబములలో ఆడపిల్ల తండ్రియే ధనము పుచ్చుకొనెడివాడు. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ 1892లో రంగమెక్కినది ఆ దురాచారముపైననే. తరువాత ధనము ప్రవహించు దిక్కు మారెను. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము 1958లోనే వరకట్న నిషేధ చట్టమును చేసెను. కేంద్రపు చట్టము 1961లో వచ్చెను. చట్టములు వచ్చి ఆరు దశాబ్దములు దాటెను. పుచ్చుకొనుట ఆగలేదు, పేరు మాత్రము మారినది. పెట్టుపోతలు అనుచున్నారు, అమ్మాయికి ఇచ్చుకొన్నది అనుచున్నారు.

పుంగనూరు విషయమున ఒక చిన్న ముచ్చట చెప్పక తప్పదు. ఆ ఊరి పేరు వహించిన పొట్టి ఆవు మూడడుగుల ఎత్తుకు మించదు. మెట్ట పొలముల గడ్డితో బ్రతుకును. పాలు కొద్దియని రైతులు దానిని విడిచి సంకరజాతి ఆవులను చేరదీసిరి. ఆ జాతియే అంతరించునేమో యను స్థితి వచ్చినపుడు పలమనేరులోని పశుపరిశోధన స్థానము దానిని కాపాడెను. ఇప్పుడో, ఆ ఆవు లక్షలు పలుకుచున్నది. పట్టణములలో ధనికులు ముంగిట కట్టుకొని వచ్చినవారికి చూపుచున్నారు. పాలు పెరుగలేదు, ఎత్తు పెరుగలేదు. చూచువారి కన్ను మారినది. రాజశేఖరుని యింటి అతిథులను గూర్చి చదువునపుడు మాకు ఈ ఆవు గుర్తునకు వచ్చినదనిన గ్రంథకర్త కోపింపరని తలచెదము. హాస్యమును ఆయన తక్కువ చేసినవారు కారు.

తొలి నవల వాదమును గూర్చి ఇప్పుడు రెండు మాటలు. ‘రాజశేఖర చరిత్రము’నకు ముందే, 1872లో, నరహరి గోపాలకృష్ణమచెట్టిగారు ‘శ్రీరంగరాజ చరిత్ర’ను ప్రకటించిరి. కర్నూలు జిల్లా మాన్యువలును ఇంగ్లీషున రచించిన ఉద్యోగి ఆయన. కాబట్టి రాయలసీమవారు తొలి నవల మాదియని చెప్పుకొనుటకు ఆధారము లేకపోలేదు. దానికి ‘సోనాబాయి పరిణయము’ అను మరియొక పేరును కలదు. పేరే చెప్పుచున్నట్లు అదియు పెండ్లి కథయే. రాజవంశపు యువకుడు లంబాడీల నడుమ పెరిగిన సోనాబాయిని ప్రేమించును. ఆమె పుట్టుకచేత లంబాడీ పిల్ల కాదని, తగిన కులముదే యని తేలిన మీదట వివాహము జరుగును. మదనపల్లె చుట్టుప్రక్కల తండాలలోనివారు ఈ కథ విన్నచో ఏమందురో మేము ఊహింపగలము. ప్రేమకు త్రోవ విడుచుటకు 1872వ సంవత్సరపు రచయితకు ధైర్యము కలిగినది కాని కులమును దాటుటకు కలుగలేదు. ఏది ముందు, ఏది వెనుక యను లెక్కకంటె, తెలుగు నవల పుట్టుకతోనే పెండ్లిని, అంతస్తును పట్టుకొని పెనగులాడినదని గ్రహించుట మేలు.

‘రాజశేఖర చరిత్రము’న లోపములు లేవా యనిన, ఉన్నవి. కథ నడుమ బోధలు అడ్డుపడును. ధవళేశ్వరపు వర్ణనతో మొదలగు తొలి ప్రకరణము ప్రబంధపు వాసన విడువలేదు. ఆ కాలమున దీనిని వచన ప్రబంధమనుటయు కలదు. అన్నిటికంటె పెద్ద లోపము మాకు తుది ఘట్టమున కనబడును. రాజశేఖరుడు తన తప్పును తెలిసికొని తన కష్టముతో లేచి నిలువడు. వేషము తీసివేసిన ప్రభువు వచ్చి లేవనెత్తును. గోల్డ్‌స్మిత్తునకు ఆంగ్లదేశపు భూస్వామి దొరకెను, పంతులుగారికి పెద్దాపురపు రాజు దొరకెను. మనకో, పుంగనూరునుండి గాని కంగుందినుండి గాని మారువేషమున వచ్చు జమీందారు లేడు. ఉన్న కాలమున వచ్చెనా యనునది వేరు ప్రశ్న. నేటి రాజశేఖరుడు చెరసాలనుండి కాదు గాని అప్పులనుండి వెలువడవలెనన్న బ్యాంకు మెట్లు తానే ఎక్కవలెను. ఈ తుది ఘట్టమును నమ్మనివారు కూడ నడిమి ప్రకరణములను నమ్ముదురు. ధనము పోయిన మరునాడు వీధి ఎట్లు మారునో వ్రాసిన పుటలకు నేటికిని సాటి తక్కువ. జె. రాబర్ట్ హచిన్సన్ అను మిషనరీ దీనిని ఇంగ్లీషున అనువదించి 1887లో లండనులో ప్రకటించినపుడు ‘ఫార్చ్యూన్స్ వీల్’, అనగా భాగ్యచక్రమని పేరిడెను. పేరు బాగుగనే యున్నది. కాని చక్రము తనంతట తాను తిరుగును. రాజశేఖరుని బండిని త్రోసినవారికి పేళ్లున్నవి, ముఖములున్నవి, వారు అతని యింటనే భుజించిరి.

రుక్మిణిని గూర్చి చెప్పక ఈ ప్రసంగమును ముగింపజాలము. నవలయందు అందరికంటె ఎక్కువ కోల్పోయినది ఆమె, అందరికంటె తక్కువ మాటలాడినదియు ఆమె. తండ్రికి పోయినది ధనము. ఆమెకు, వార్త నిజమైనచో, బ్రతుకే పోయినది. దొంగల దెబ్బలకు మూర్ఛిల్లి, అడవిలో మేల్కని, తనవారు లేరని తెలిసికొని, ఆడుదాని వేషమున త్రోవ నడువలేనని నిశ్చయించుకొని మగవేషము వేసికొనిన ఆ ఘట్టమున ఆమెను ఏ ప్రభువును రక్షింపలేదు. తన బుద్ధియే రక్షించెను. అయినను గ్రంథకర్త ఆమెకు కడపట ఇచ్చిన బహుమానమేమి? భర్త చనిపోలేదని, ఆ వార్త అబద్ధమని చెప్పి, అతనిని తిరిగి తెచ్చి నిలిపెను. వితంతువును వితంతువుగా ఉంచి ఆమెకు మరల పెండ్లి చేయుటకు నవల సాహసింపలేదు.

వ్రాసిన చేయి మాత్రము అక్కడ ఆగలేదు. పుస్తకము వెలువడిన మరుసటి సంవత్సరము, 1881 డిసెంబరు 11వ తేదీన, పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి. సంఘము వెలివేసెను. ఇంటి పనివారు రామనగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరినుండి బిందెలతో నీరు తెచ్చి వంట చేసిరి. విద్యార్థులు కాపలా కాసిరి. ఈ వివాహములకగు వ్యయమునకై కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు వేలకొలది రూపాయలిచ్చెను.